టీ గులాబికి చోటు

గులాబీల పెంపకమును గూర్చి ప్రసంగము ప్రసారమైనప్పుడెల్ల మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న తప్పక ఉండును: మొక్కకు మొక్కకు ఎంత ఎడము ఉండవలెను? ప్రశ్న చిన్నదే. దానికి చాలామంది చెప్పు సమాధానమును చిన్నదే: రెండడుగులు, మహా అయిన రెండున్నర. ఈనాడు నర్సరీలలో సామాన్యముగా అమ్ము హైబ్రిడ్ టీ గులాబులకు ఆ కొలత సరిపోవును. కాని వాటికి పూర్వికమైన పాతకాలపు టీ గులాబికి అది చాలదు. రెండడుగుల ఎడమున నాటిన టీ గులాబులు మొదటి యేడు ముచ్చటగా ఉండును. రెండవ యేట ఒకదానిపై నొకటి వాలును. మూడవ యేట క్రింది ఆకులు పసుపుబారి రాలును. అటుపైన కొమ్మలు కొసనుండి ఎండనారంభించును. ఇంటివారు మందు చల్లుదురు, ఎరువు వేయుదురు, కత్తెర పట్టుదురు. మొక్క మాత్రము తేరుకొనదు. తెగులు కంటికి కనబడునది ఆకుమీద. దాని మూలము నాటిననాటి కొలతలో ఉన్నది. ఆ కొలతను, ఆ కొలతకు గల కారణమును ఇక్కడ వివరింపదలచితిమి.

ముందుగా టీ గులాబి ఎవరి బిడ్డయో తెలిసికొనుట మంచిది. 'డచెస్ ద బ్రబాంట్', 'లేడీ హిల్లింగ్డన్' మొదలగు పేర్లు విన్నవారికి ఇది ఐరోపా పువ్వని తోచుట సహజము. పేర్లు ఐరోపావే; వంశము మాత్రము ఆసియాది. చైనాలోని తోటలలో తరతరములుగా పెంచుచు వచ్చిన సువాసన గులాబులు రెండు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లండు చేరినవి. వానిలో లేత గులాబిరంగుది 1809 ప్రాంతమున సర్ ఏబ్రహామ్ హ్యూమ్ అను నతడు తెప్పించినది. లేత పసుపురంగుది 1824లో జాన్ పార్క్స్ అను నతడు లండను ఉద్యానసంఘము పక్షమున చైనాకు వెళ్లి కొనివచ్చినది. ఈ రెంటిని తమవద్ద నున్న ఇతర గులాబులతో కలిపి ఫ్రాన్సు దేశపు తోటవారు సృష్టించిన సంతతియే టీ గులాబులు. 1839లో వెలువడిన 'సఫ్రానో', 1857 నాటి 'డచెస్ ద బ్రబాంట్', 1878 నాటి 'జెనరల్ షాబ్లికిన్' ఫ్రాన్సులో పుట్టినవి. 1901 నాటి 'మిసెస్ బి. ఆర్. కాంట్', 1910 నాటి 'లేడీ హిల్లింగ్డన్' ఇంగ్లండులో పుట్టినవి. టీ అను పేరు ఎట్లు వచ్చినదన్న, పువ్వులో అప్పుడే విప్పిన తేయాకు పొట్లము వాసన ఉన్నదని కొందరు, తేయాకు ఓడలలో వచ్చుటచేత ఆ పేరు పడినదని మరికొందరు చెప్పుదురు.

ఈ వంశవృక్షమున మరియొక మెట్టు పైకి పోయినచో మన దేశమే ఎదురగును. చైనా వారి సువాసన గులాబులకు మూలమైన అడవి గులాబి రోజా జైగాంటియా. అది చైనాలోని యున్నాన్ లోను, బర్మా కొండలలోను, మన మణిపురమునందును సహజముగా పెరుగుచున్నది. 1882లో సర్ జార్జి వాట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని మణిపురమున గుర్తించెను. జైగాంటియా అనగా మహాకాయ అని అర్థము. పేరునకు తగినట్లు అది చెట్లను పట్టుకొని ముప్పది నలువది అడుగులవరకు ఎగబ్రాకును. మంచు గడ్డకట్టు చలిని ఎక్కువగా ఎరుగదు. ఈ గులాబితో మన ఎండలకు తట్టుకొను కొత్తరకములు పుట్టించుటకు పూనుకొన్న వారిలో ముఖ్యులు ఎం. ఎస్. వీరరాఘవన్ గారు. వారు ఆంధ్రప్రదేశ్ శాఖకు చెందిన ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, పిమ్మట కొడైకెనాల్ లో స్థిరపడి, దశాబ్దములపాటు గులాబీల సంకరమునకే కాలము వినియోగించిరి. వారు పుట్టించిన ఒక రకమునకు 'గోల్డెన్ థ్రెషోల్డ్' అని పేరిడిరి. అది సరోజినీ నాయుడు గారి తొలి కవితాసంపుటి పేరు. హైదరాబాదులో వారి ఇంటి పేరును అదియే.

తాత చెట్లెక్కువాడైనప్పుడు మనుమడు రెండడుగుల చోటులో ఒదిగి కూర్చుండునా? టీ గులాబి తీగ కాదు, పొదయే. కాని అది పెద్ద పొద. మంచు పడని చోట, కత్తెర బాధ లేకున్నచో, నాలుగైదేండ్లలో అయిదారడుగుల ఎత్తు, అంతే వెడల్పు పెరుగును. ఏడాది పొడుగునను ఆకుతో నుండును. దఫదఫలుగా పూచుచునే యుండును.

అట్లయిన పుస్తకములలో రెండడుగుల కొలత ఎట్లు చోటు చేసికొన్నది? కారణము రెండు విధములు. మొదటిది చలి. ఇంగ్లండు వంటి దేశములలో శీతకాలపు మంచు టీ గులాబి కొమ్మలను మాడ్చివేయును. వసంతమున తోటవాడు మాడిన కొమ్మలను జీవమున్నంతవరకు, ఒక్కొక్కప్పుడు నేలమట్టమునకు, కోయక తప్పదు. ఆవిధముగా యేటేట నరకబడిన మొక్క రెండు మూడడుగులకు మించి పెరుగజాలదు. అందుచేత అక్కడివారు దానికి తగిన ఎడమునే వ్రాసిరి. రెండవ కారణము హైబ్రిడ్ టీ. 1867లో ఫ్రాన్సులో గీయో అను తోటవాడు వెలువరించిన 'లా ఫ్రాన్స్' ఆ జాతికి ఆద్యమని ఎంచుదురు. టీ గులాబిని చలికి ఓర్చు ఐరోపా గులాబులతో కలుపగా వచ్చిన ఈ జాతి నిటారుగా పెరుగును, కత్తిరింపును సహించును, దగ్గర దగ్గరగా నాటినను పూచును. గులాబి అనగా హైబ్రిడ్ టీయే అన్నంతగా అది లోకమంతట వ్యాపించినది. దాని కొలతలే, దాని కత్తిరింపు పద్ధతులే అన్ని గులాబులకును చెల్లునను అభిప్రాయము నిలిచిపోయినది. పుస్తకము అబద్ధమాడలేదు. అది తన ఊరి మాట చెప్పినది. మన పెరటిలో మంచు లేదు; మంచు చేసిన పనిని మన కత్తెర చేయనక్కర లేదు.

కత్తిరింపునకును ఎడమునకును గల సంబంధమును కొంచెము నిదానించి చూడవలెను. చలిదేశపు గులాబి శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. అప్పటికి దాని ఆహారము వేళ్లయందును, మొదటి కొమ్మలయందును నిలువయై ఉండును. కావున పైభాగమును కోసినను నష్టము స్వల్పము. టీ గులాబికి అట్టి గాఢనిద్ర లేదు. అది ఆహారమును పచ్చని కొమ్మలలోను, ఆకులలోను దాచుకొనును. దానిని మోకాలి ఎత్తునకు నరుకుట యనగా గాదెను ధాన్యముతో సహా పారవేయుటయే. అట్లు కోసిన పొద నెలల తరబడి చిగురింపక ముడుచుకొని ఉండును. పైగా మన దేశమున గులాబులను ఎక్కువగా బాధించు కొమ్మ ఎండు తెగులు కోతగాయములనుండియే లోనికి ప్రవేశించును. దగ్గరగా నాటినవాడు చోటు చాలక కోయును. కోసినందున తెగులు పట్టును. తెగులు పట్టిన కొమ్మను మరల కోయును. ఈ చక్రమునకు మొదలు ఎడము తక్కువగుటయే.

ఇక కొలత. 'మిసెస్ బి. ఆర్. కాంట్', 'జెనరల్ షాబ్లికిన్' వంటి బలమైన రకములకు మొదలు నుండి మొదలునకు ఆరడుగులు ఉండవలెను. 'లేడీ హిల్లింగ్డన్', 'డచెస్ ద బ్రబాంట్' వంటి మధ్యరకములకు నాలుగున్నర, అయిదడుగులు చాలును. ప్రహరీగోడకు మూడడుగులు తగ్గరాదు. పడమటి ఎండ కాచిన గోడ రాత్రి ప్రొద్దుపోవువరకు వేడిని విడుచుచునే యుండును. ఆ వేడి గాలి తగిలిన వైపు ఆకు మాడును. వేప, మామిడి వంటి చెట్ల నీడకును వేళ్లకును దూరముగా ఉండవలెను. రోజుకు ఆరు గంటలైనను ఎండ కావలెను. అది ఉదయపు టెండ యైన మరింత మేలు.

లెక్క వేసి చూతము. పదునెనిమిది అడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు గల మడి యున్నదనుకొందము. రెండడుగుల ఎడమున అందులో ఏబదినాలుగు మొక్కలు పట్టును. ఆరడుగుల ఎడమున ఆరు మాత్రమే పట్టును. ఈ లెక్క వినగానే చాలామంది మనస్సు చివుక్కుమనును. కాని ఒక్కొక్క పొద ముప్పదియారు చదరపుటడుగుల మేర కొమ్మలు చాచి పూచునప్పుడు మడిలో ఖాళీ యేమియు కనబడదు. వెడల్పైన మడిలో మొక్కలను ఎదురెదురుగా గాక, ముందు వరుసలోని సందులకు సరిగా వెనుక వరుస మొక్క వచ్చునట్లు ముక్కోణముగా నాటినచో, మొక్కల నడుమ ఆరడుగులు ఉండగనే వరుసల నడుమ దూరము సుమారు అయిదడుగుల రెండంగుళములకు తగ్గును. గాలి ఆడును, చోటును కలిసివచ్చును.

గాలి ఆడవలెనని ఇంతగా చెప్పుటకు కారణమున్నది. గులాబి ఆకులమీద వచ్చు నల్లమచ్చ తెగులు బూజుజాతి తెగులు. దాని బీజము మొలకెత్తవలెనన్న ఆకు ఎడతెగక సుమారు ఏడు గంటలు తడిగా ఉండవలెను. ఎడముగా నాటిన పొదపై పడిన మంచు గాని వాన గాని ప్రొద్దెక్కగనే ఆరిపోవును. కొమ్మలు పెనవేసికొన్న గుబురులో మధ్యాహ్నము వరకు తడి ఆరదు. కోస్తా జిల్లాలలో గాలియందు తేమ హెచ్చు గనుక అక్కడ ఎడము విషయమున మరింత పట్టుదల అవసరము. బూడిద తెగులునకు తడి అక్కరలేదు గాని, గాలి కదలని చల్లని రాత్రులు దానికి మిక్కిలి ఇష్టము. రెంటికిని మొదటి మందు గాలియే. ఇదే కారణమున నీరు ఉదయము పోయవలెను, పాదులో పోయవలెను, ఆకులమీద చల్లరాదు.

మొదటి రెండేండ్లు మొక్కల నడుమ నేల బోసిగా నుండునని దిగులుపడ నక్కరలేదు. ఆ చోటున బంతి, కొత్తిమీర, మెంతి వంటి స్వల్పకాలపు మొక్కలు వేసికొనవచ్చును. గులాబి మొదటికి రెండడుగుల లోపల మాత్రము ఏమియు వేయరాదు. మూడవ యేటికి గులాబియే వానిని సాగనంపును.

నాటు విధానము క్లుప్తముగా చెప్పెదము. రెండడుగుల లోతు, రెండడుగుల చదరము గల గోతిని నెల దినముల ముందుగా త్రవ్వి ఎండనీయవలెను. పై మట్టికి మూడవ వంతు బాగుగా మాగిన పశువుల ఎరువును, రెండు దోసిళ్ల వేపపిండిని, రెండు దోసిళ్ల ఎముకల పొడిని కలిపి గోతిని నింపి, నీరు పోసి కుంగనిచ్చి, ఆపైన నాటవలెను. ఎర్రనేలలు టీ గులాబికి అనుకూలము. నల్లరేగడి నీటిని పట్టుకొని విడువదు, వేళ్లు కుళ్లును. అట్టిచోట ఇసుకను, ఎరువును ధారాళముగా కలిపి, నేలకు అడుగు ఎత్తున మడి కట్టి నాటవలెను. తెలంగాణమునందును రాయలసీమయందును తొలకరి నిలదొక్కుకొన్నది మొదలు కార్తికమువరకు నాటవచ్చును. కోస్తాలో తుపాను వానలు వెనుకపట్టిన పిమ్మట నాటుట క్షేమము. అంటుమొక్క యైనచో అంటు ముడి దిగువనుండి వచ్చు పిలకలను వెంటవెంటనే మొదటికంటా పెరికివేయవలెను. లేనిచో అడవి గులాబి పెరిగి అసలు గులాబిని మ్రింగివేయును.

వేసవి మన మొక్కలకు పరీక్షాకాలము. పాదులో ఎండుటాకులు గాని వరిగడ్డి గాని మూడంగుళముల మందమున పరచి, మొదలును మాత్రము తాకకుండ విడువవలెను. ప్రతిదినము చెంబెడు నీరు పోయుటకంటె మూడు నాలుగు దినముల కొకసారి అడుగు లోతు తడియునట్లు పోయుట మేలు. నీరు లోతునకు దిగిన వేళ్లును లోతునకు దిగును. వేసవిలో పువ్వు చిన్నదగును, రంగు వెలవెలబోవును. అది రోగము కాదు. కార్తికమునుండి మాఘమువరకు దాని అసలు అందము చూడవచ్చును.

కత్తెర విషయమున మేము చెప్పునది స్వల్పము. మొదటి రెండేండ్లు వాడిన పువ్వును పొట్టి కాడతో త్రుంచుటకు తప్ప కత్తెర ఎత్తవలదు. కూజాలో అమర్చుటకు పొడవైన కాడలతో పువ్వులు కోయుటయు ఆ రెండేండ్లు మానవలెను. ప్రతి కాడతోను కొంత నిలువ ఆహారము పోవును. మూడవ యేటినుండి వానలు తగ్గినపిమ్మట ఎండినవి, ఒరసికొనునవి, పొద నడుమ చొచ్చుకొనిపోవు సన్ననివి తీసివేసిన చాలును. ఏ యేడును పొదలో మూడవ వంతు మించి తీయరాదు. పెద్ద కోతలకు బోర్డో ముద్ద పూయవలెను. హైబ్రిడ్ టీలకు చేయునట్లు అన్ని కొమ్మలను ఒక ఎత్తునకు సమముగా కోయుట టీ గులాబికి పనికిరాదు.

టీ గులాబిలో ఒక లోపమును చెప్పుదురు. దాని కాడ సన్నము; నిండుగా విచ్చిన పువ్వు బరువునకు తలవంచును. రెండడుగుల మొక్కపై ఇది నిజముగా లోపమే, పువ్వు నేలను చూచును. పొద మనిషి ఎత్తు పెరిగిన తరువాత ఆ వంగిన పువ్వు సరిగా మన కంటికి ఎదురగును. కనుక పొదను ఎదుగనిచ్చినవారికే దాని పువ్వు ముఖము చూపును.

పెరడు లేనివారు నిరాశ పడనక్కరలేదు. మేడమీద ఎండ ఉన్నచో పదునెనిమిది, ఇరువది అంగుళముల తొట్టిలో ఒక మధ్యరకపు టీ గులాబిని పెంచవచ్చును. చిన్న పెరడు గలవారికి మా సలహా ఒక్కటే: ఆరు మొక్కలు కొనదలచినచో ఒకటి కొనుడు. ఇరుకున నలిగిన ఆరు పొదలకంటె తీరుగా ఎదిగిన ఒక్క పొద ఎక్కువ పూచును, ఎక్కువ కాలము బ్రతుకును.

ఎక్కువ కాలము బ్రతుకుట టీ గులాబి విషయమున ఇంటివారి సరదాకు మాత్రమే సంబంధించినది కాదు. గులాబి గింజ నాటిన తల్లివంటి మొక్క రాదు. 'సఫ్రానో' అను పేరు గల ప్రతి మొక్కయు 1839లో వెలువడిన ఆ ఒక్క మొక్కనుండి కొమ్మ ద్వారానో అంటు ద్వారానో చేయి మారుచు వచ్చిన ముక్కయే. ఈ పరంపర ఎక్కడ తెగిన అక్కడ ఆ రకము అంతరించినట్లే. మరల పుట్టించుట ఎవరితరము కాదు. హైబ్రిడ్ టీలు వచ్చిన పిదప వర్తకులు పాతరకములను విడిచిరి. అవి మిగిలినది ఎక్కువగా ఇండ్ల పెరళ్లలోను, శ్మశానవాటికలలోను, కొందరు సేకర్తల తోటలలోను. అట్లాంటిక్ సముద్రములోని బెర్ముడా ద్వీపమున పేరు మరచిపోయిన పాత గులాబులు ఎన్నియో దొరికినవి. 1954లో ఏర్పడిన అక్కడి గులాబి సంఘము వారు వానిని దొరికిన ఇంటి పేరుతోనో ఊరి పేరుతోనో పిలుచుచు, 'రహస్య గులాబులు' అను వర్గముగా కాపాడుచు వచ్చిరి. మన ఊళ్లలోను పాత ఇండ్లను పడగొట్టి బహుళ అంతస్తుల భవనములు కట్టునప్పుడు ముందుగా పోవునది పెరడే. అందులో ఏ తాతగారో నాటిన గులాబి పొద ఉన్నచో, అది పోవుటకు ముందుగా నాలుగు కొమ్మలు కోసికొనుటకు ఎవరికైనను పది నిమిషములు చాలును.

కొమ్మ నాటు విధానము కష్టమైనది కాదు. పూచి వాడిన కొమ్మనుండి పెన్సిలు లావున, ఆరంగుళముల పొడవున, మూడు నాలుగు కణుపులున్న ముక్కను తీసి, క్రింది కోత కణుపు దిగువగా చేసి, పైన రెండాకులు మాత్రము ఉంచవలెను. సగము ఇసుక, సగము మాగిన ఆకుమన్ను కలిపిన చిన్న కుండీలో రెండు కణుపులు మట్టిలో నుండునట్లు నాటి, పైన పల్చని ప్లాస్టిక్ సంచి కప్పి నీడన ఉంచవలెను. చలికాలము ఇందుకు మంచి అదను. ఆరు మొదలు ఎనిమిది వారములలో వేళ్లు పట్టును. అన్నియు బ్రతుకవు, అందుచేత ఒకటి కావలసినచోట నాలుగు నాటవలెను. పేరు తెలిసినచో పేరును, తెలియనిచో దొరికిన ఇంటిని, తేదీని బిళ్లమీద వ్రాసి కట్టవలెను. అదనముగా బ్రతికినదానిని ఇరుగుపొరుగు వారికి ఇచ్చుట మంచిది. ఒక పెరటిలో చచ్చినను మరియొక పెరటిలో ఉండును.

ఈ వానకాలమునకు గులాబి నాటదలచినవారు మొక్కను కొనుటకు ముందుగా ఒక పని చేయవలెను. మూడడుగుల త్రాడు తీసికొని, గోయి త్రవ్వదలచినచోట ఒక కొయ్య పాతి, దానికి త్రాడు కట్టి చుట్టును ఒక గుండ్రని గీత గీయవలెను. ఆ గీతలోపల గోడ గాని, చెట్టు గాని, నడచు దారి గాని, మరియొక మొక్క గాని లేకున్నచో అది టీ గులాబికి తగిన చోటు. ఉన్నచో కొయ్యను జరుపవలెను. మొక్క నాటిన పిదప జరుపుట కష్టము. కొయ్యను ఎన్నిసార్లయినను జరుపవచ్చును.